గడియారం కాదు, పోటు చూడండి: నదీముఖ జంతు ప్లవకాలపై మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం నది సముద్రంలో కలిసే చోటు చుట్టూనే తిరిగాయి. అక్కడి నీటిలో తేలే సన్నజీవులను పట్టడం, నిల్వ చేయడం, లెక్కపెట్టడం, ఆ లెక్కకు అర్థం చెప్పడం గురించి అడిగారు. ఒకే సందేహం నలుగురైదుగురికి వచ్చిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: నదీముఖంలో నమూనా తీసే ఒకే స్టేషన్‌లో ప్రతి నెలా ఒకటో తారీఖు ఉదయం పదింటికి వల లాగుతున్నాను. ఒక నెల ఘనమీటరుకు 4,000 కోపెపాడ్‌లు (రొయ్యలకు దూరపు చుట్టాలైన సన్నజీవులు) వస్తే మరుసటి నెల 300 వచ్చాయి. ఉష్ణోగ్రత దాదాపు అంతే ఉంది. దీన్ని కాలుష్యం కింద రాయవచ్చా? (పరిశోధక విద్యార్థిని)

అప్పుడే వద్దు. ముందు ఆ రెండు ఉదయాల ఆటుపోట్ల పట్టిక తీసి చూడండి. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరంలో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అంటే పోటు వేళ రోజుకు 50 నిమిషాల చొప్పున జరిగిపోతుంటుంది. మీ గడియారంలో పది ఎప్పుడూ పదే. నీటికి మాత్రం అది ఒక నెల నిండు పోటు, ఇంకో నెల సగం తీసిన ఆటు.

ఇది ఎంత పెద్ద తేడానో చిన్న లెక్కతో తెలుస్తుంది. పోటు ప్రవాహం సగటున సెకనుకు అర మీటరు వేగంతో 6 గంటల 12 నిమిషాలు లోపలికి పారిందనుకోండి. ఆ నీటి ముద్ద 11 కిలోమీటర్లు పైకి వస్తుంది, ఆటులో మళ్లీ అంత దూరమూ కిందికి పోతుంది. మీరు లంగరు వేసిన చోటు మారలేదు, కింద నీరే మారింది. మొదటి నెల మీ వలలో పడింది మొగ దగ్గరి ఉప్పునీటి సమూహం, రెండో నెల పడింది ఎగువ నుంచి దిగిన పలచని నీటి సమూహం కావచ్చు. ఆ రోజుల లవణీయత (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు ఎన్ని పాళ్లో) రాసుకుని ఉంటే ఈ అనుమానం ఇప్పుడే తేలిపోయేది.

సరిచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఎప్పుడూ పోటు ఒకే దశలో ఉన్నప్పుడు లాగడం. దశను నీటి మట్టంతో కాకుండా ప్రవాహంతో నిర్ణయించండి. చాలా నదీముఖాల్లో మట్టం పూర్తిగా పెరిగిన క్షణానికీ, ప్రవాహం ఆగిన క్షణానికీ పొత్తు ఉండదు. మట్టం తగ్గడం మొదలైనా నీరు ఇంకా లోపలికే పోతూ ఉండవచ్చు. రెండో దారి, చోటును వదిలేసి లవణీయతను పట్టుకోవడం. ఉప్పు కొలిచే మీటరు నీటిలో వేసి పడవను నడుపుతూ 5, 15, 25 అని చూపిన చోట్ల లాగాలి. ఏ జీవి ఏ నీటిలో బతుకుతోందన్నది మీ ప్రశ్న అయితే రెండో దారే మేలని మా అభిప్రాయం. ఫలానా కాలువ కలిసే చోట ఏం జరుగుతోందన్నది ప్రశ్న అయితే మొదటిది తప్పదు.

ఇంకో ఉచ్చు ఉంది. పెద్ద పోట్లు, చిన్న పోట్ల చక్రం సుమారు 14.8 రోజులు. సరిగ్గా పదిహేను రోజులకోసారి వెళ్లేవారు తెలియకుండానే నెలల తరబడి పెద్ద పోట్లలోనో, నెలల తరబడి చిన్న పోట్లలోనో నమూనా తీస్తారు. పెద్ద పోట్లలో నీరు బాగా కలిసిపోతుంది, అడుగు బురద లేస్తుంది. చిన్న పోట్లలో పైన మంచినీరు, అడుగున ఉప్పునీరు పొరలుగా నిలుస్తాయి. అన్నాళ్లూ ఒక ముఖమే చూసి రెండో ముఖం లేదనుకునే ప్రమాదం ఉంది.

కనీసం రెండుసార్లు, ఒకటి పెద్ద పోట్లప్పుడు, ఒకటి చిన్న పోట్లప్పుడు, ఒకే చోట 13 గంటల పాటు గంటకోసారి వల లాగండి. ఒక్క రోజులోనే సంఖ్య ఎన్ని రెట్లు ఊగుతుందో అప్పుడు మీ చేతికి వస్తుంది. నెలల మధ్య తేడా ఆ ఊపును దాటితేనే కారణాలు వెతకాలి.

ప్రశ్న: ప్లవకాలంటే ప్రవాహానికి కొట్టుకుపోయేవని పాఠంలో చెబుతాం. మరి నది రోజూ సముద్రంలోకి తోస్తుంటే అవి నదీముఖంలో ఎలా మిగులుతున్నాయి? (జీవశాస్త్ర ఉపాధ్యాయుడు)

పాఠంలో ఉన్నది అడ్డంగా నిజం, నిలువుగా కాదు. మిల్లీమీటరు పొడవున్న కోపెపాడ్ సెకనుకు కొన్ని మిల్లీమీటర్లు ఈదుతుంది. అర మీటరు వేగానికి ఎదురీదడం దాని వల్ల కాదు. కానీ సెకనుకు 3 మిల్లీమీటర్ల చొప్పున ఈదినా 5 మీటర్ల లోతును అరగంట లోపు దాటేస్తుంది. నదీముఖంలో ఆ నిలువు ప్రయాణమే దాన్ని కాపాడుతుంది.

తేలికైన మంచినీరు పైన సముద్రం వైపు, బరువైన ఉప్పునీరు అడుగున నది వైపు పారుతుంటాయి. ఆటుపోట్ల రాకపోకలు తీసేసి సగటు చూస్తే అడుగు పొర లోపలికే వస్తుంది. అడుగున ఎక్కువ సేపు గడిపే జీవికి తిరుగు బండి దొరికినట్టే. కొన్ని జాతులు ఇంకో అడుగు ముందుకేసి పోటులో పైకి లేచి, ఆటులో నేలకు దిగుతాయి. గుడ్ల సంచిని మోసుకు తిరిగే యూరిటెమోరా, పగలు నేలను అంటిపెట్టుకుని ఉండే స్యూడోడయాప్టమస్ ఇలా నిలబడతాయి. అకార్షియా అనే కోపెపాడ్ గుడ్లను నీటిలోకే వదిలేస్తుంది, అవి అడుగుకు దిగుతాయి. కొన్ని జాతుల్లో ఆ గుడ్లు బురదలో నెలల తరబడి నిద్రపోయి, పరిస్థితి అనుకూలించాక పొదుగుతాయి. అందుకే నీటిలో ఒక్కటి కూడా కనబడని కాలంలో ఆ జాతి అంతరించిందని రాసేయకూడదు.

ఈ ఉపాయాలకూ హద్దుంది. వెచ్చని నీటిలో కూడా చాలా కోపెపాడ్‌లకు గుడ్డు నుంచి పెద్దయ్యేదాకా ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆరు నాప్లియస్ (తొలి పిల్ల) దశలు, ఐదు కోపెపోడైట్ (ఎదిగే పిల్ల) దశలు దాటాలి మరి. వరదలో నదీముఖంలోని నీరంతా రెండు మూడు రోజుల్లో మారిపోతే అవి పుట్టే వేగం కొట్టుకుపోయే వేగాన్ని అందుకోలేదు. మగ తోడు లేకుండా కొద్ది రోజుల్లోనే తరం పెంచుకునే బ్రాకియోనస్ వంటి రోటిఫర్‌లు (అతి సన్నని బహుకణ జీవులు), మోయినా వంటి క్లాడోసెరాలు (నీటి ఈగలనే చిన్న జీవులు) అప్పుడు పైచేయి సాధిస్తాయి. వాటిలో కొంత భాగం ఎగువ నుంచి కొట్టుకొచ్చినదే.

ప్రశ్న: 64 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నున్న వల వాడితే రెండు నిమిషాల్లో బురద పట్టేస్తోంది. 200 మైక్రాన్లది వాడితే చిన్నవి జారిపోతున్నాయని గైడ్ అంటున్నారు. ఏది వాడాలి? (పరిశోధక విద్యార్థి)

రెండూ వాడాలి, కానీ 64ను వలగా కాదు.

వల కన్ను పట్టేది జీవి పొడవును బట్టి కాదు, వెడల్పును బట్టి. జీవి వెడల్పులో నాలుగింట మూడు వంతుల కన్నా కన్ను పెద్దదైతే నమ్మకంగా నిలవదు. 200 మైక్రాన్ల వలలోంచి నాప్లియస్‌లు, రోటిఫర్‌లు, ఓయ్‌తోనాలనే సన్నని కోపెపాడ్‌లు ధారాళంగా పోతాయి. సంఖ్యలో చూస్తే నదీముఖంలో ఎక్కువ ఉండేవి అవే. కాబట్టి 200తో తీసిన ‘మొత్తం జంతు ప్లవకాలు’ అన్న అంకె మొత్తం కాదు.

ఇక మూసుకుపోవడం. వలలో తెరిచి ఉన్న రంధ్రాల మొత్తం వైశాల్యం, మూతి వైశాల్యానికి కనీసం ఐదు రెట్లుండాలి. బురదనీటిలో ఇంకా ఎక్కువ కావాలి. మూతి 30 సెంటీమీటర్లు, పొడవు 1 మీటరు ఉన్న శంఖాకారపు వలను చూద్దాం. మూతి 707 చదరపు సెంటీమీటర్లు, గుడ్డ సుమారు 4,700. 200 మైక్రాన్ల గుడ్డలో రంధ్రాల వాటా 45 శాతం అనుకుంటే 2,100 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, అంటే మూడు రెట్లే. సన్న కన్ను గుడ్డలో ఆ వాటా 30 శాతానికి దిగితే రెండు రెట్లే. మీ వల రెండు నిమిషాల్లో ఊపిరాడక ఆగిపోవడంలో వింత లేదు. శంఖానికి ముందు అదే గుడ్డతో మీటరు పొడవు గొట్టం కుట్టిస్తే గుడ్డ ఇంకో 9,400 చదరపు సెంటీమీటర్లు పెరుగుతుంది. 200 మైక్రాన్ల వలను అలా మార్చి, సెకనుకు మీటరు వేగానికి మించకుండా మూడు నిమిషాలు లాగండి.

చిన్నవాటి కోసం పంపుతోగానీ బకెట్‌తోగానీ కొలిచిన 50 లీటర్ల నీటిని పైన, నడుమ, అడుగున తీసి 64 మైక్రాన్ల జల్లెడలో నెమ్మదిగా పోయండి. జల్లెడ అడుగు నీటిలో మునిగి ఉంటే జీవులు నలగవు. పెద్ద కోపెపాడ్‌లు పంపు మూతిని చూసి తప్పించుకుంటాయి కాబట్టి జల్లెడలో నాప్లియస్‌లు, రోటిఫర్‌లు, ఓయ్‌తోనాలు మాత్రమే లెక్కించండి. మిగతావి వలలో లెక్కించండి. రెండింటిలో కనిపించినదాన్ని రెండుసార్లు కలపడం చాలా థీసిస్‌లలో దొర్లే తప్పు.

ఫ్లోమీటర్ (వలలోంచి ఎంత నీరు పారిందో కొలిచే పరికరం) లేకుండా వల లాగకండి. దాన్ని మూతికి సరిగ్గా నడిమధ్య కాక, అంచుకీ కేంద్రానికీ మధ్యలో కట్టాలి. జీపీఎస్ చూపిన దూరాన్ని మూతి వైశాల్యంతో గుణించడం కుదరదు. అది నేల మీది దూరం, వలకు కావాల్సింది నీటిలోని దూరం. సెకనుకు అర మీటరు ఆటు పారుతున్నప్పుడు ఈ రెంటికీ చాలా తేడా వస్తుంది. మూతి బయట రెండో ఫ్లోమీటర్ కట్టి చూడండి. లోపలి అంకె బయటి అంకెలో 85 శాతం కన్నా తగ్గితే వల మూసుకుపోయిందని అర్థం. ఆ లాగుడు పారేసి సమయం తగ్గించి మళ్లీ లాగాలి.

వల కడిగేటప్పుడు నీళ్లు బయటి వైపు నుంచే పోయండి. లోపలికి పోస్తే ఆ నీటిలోని జీవులు కూడా మీ లెక్కలో చేరతాయి. కుళాయి నీళ్లు అసలు వద్దు. ఉప్పునీటి జీవులు ఉబ్బి పాడవుతాయి.

ప్రశ్న: నిల్వ మందు ఫార్మలిన్‌లో వేసిన నమూనాల్లో మూడు నెలలకే వెలిజర్ లార్వాల (నత్తలు, ఆల్చిప్పల పిల్లల) గుల్లలు మాయమయ్యాయి. వలలో కనిపించిన జెల్లీలు జాడీలో లేనే లేవు. ఎందుకు? (ప్రయోగశాల సహాయకురాలు)

గుల్లలు కరిగిపోయాయి. ఫార్మలిన్ నిల్వలో పుల్లబడుతుంది, ఆ ఆమ్లం సున్నపు గుల్లను తింటుంది. గాఢ ఫార్మలిన్ సీసాలోనే బోరాక్స్ వేసి, అడుగున కొద్దిగా కరగకుండా మిగిలేదాకా కలపండి. నమూనా జాడీలో ఒక పాలు ఫార్మలిన్‌కి తొమ్మిది పాళ్లు నమూనా నీరు ఉండాలి. కొన్న సీసాలోని ద్రావణంలో ఉండేది 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ కాబట్టి జాడీలో సుమారు 4 శాతం వస్తుంది. కొందరు ఆ సీసానే నూరు శాతం ఫార్మలిన్ అంటారు, కాబట్టి రికార్డులో ‘4 శాతం ఫార్మలిన్’ అని రాస్తే రెండున్నర రెట్లు పలచనిదని పొరబడే వీలుంది. ‘4 శాతం ఫార్మాల్డిహైడ్’ అని రాయండి. అడుగున పేరుకున్న ప్లవకాలు జాడీలో పదో వంతుకు మించితే మందు చాలదు, రెండు జాడీలు చేయండి. వారం తర్వాత ఒకసారి, ఆపై మూడు నెలలకోసారి పీహెచ్ చూడండి. 7 కన్నా తగ్గితే మళ్లీ బోరాక్స్ వేయాలి.

జెల్లీల విషయం వేరు. మ్నీమియాప్సిస్ వంటి టినోఫోర్‌లు (దువ్వెన జెల్లీలు) ఫార్మలిన్‌లో ముక్కలై కరిగిపోతాయి. వాటిని పడవ మీదే బతికుండగా పెద్ద కన్ను జల్లెడతో వేరుచేసి, లెక్కపెట్టి, కొలజాడీలో ఎంత నీటిని పైకి తోశాయో కొలిచి వదిలేయాలి. వాటిని వదిలేస్తే కోపెపాడ్‌లను తినేవాళ్లనే లెక్కలోంచి తీసేసినట్టు.

డాఫ్నియా, బోస్మినా వంటి క్లాడోసెరాలు మందులో పడగానే ఉబ్బి గుడ్లు రాలుస్తాయి. ఫార్మలిన్‌తో పాటు లీటరుకు 40 గ్రాముల పంచదార కలిపితే ఇది చాలావరకు తగ్గుతుంది. డీఎన్ఏ పరీక్ష చేసే ఉద్దేశం ఉంటే ఫార్మలిన్ మాటే వద్దు. 95 శాతం ఇథనాల్ వాడి, 24 గంటల్లో ఒకసారి మార్చండి.

ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉంది. లెక్కకు ముందు నమూనాను వల గుడ్డ మీద వడకట్టి, నీటితో కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టండి. వాసన వచ్చే తొట్టి మీద గంటలు గంటలు వంగి కూర్చోవద్దు.

ప్రశ్న: జాడీలోంచి ఒక్క మిల్లీలీటరు తీసి లెక్కిస్తే చాలదా? (అదే ఉత్తరంలో)

అందులో ఎన్ని జీవులు దొరికాయన్నదాన్ని బట్టి ఉంటుంది. బాగా కలిపిన నమూనాలో పొరపాటు సుమారుగా 2 ను జీవుల సంఖ్య వర్గమూలంతో భాగించినంత. 25 జీవులు లెక్కిస్తే అటూ ఇటూ 40 శాతం, 100 లెక్కిస్తే 20 శాతం, 400 లెక్కిస్తే 10 శాతం. ముఖ్యమైన ప్రతి జాతికీ 100 వచ్చేదాకా వెళ్లడం సబబైన బేరం. అక్కడి నుంచి పొరపాటును సగం చేయాలంటే నాలుగింతలు కూర్చోవాలి.

ఒక ఉదాహరణ. 30 సెంటీమీటర్ల మూతి వలలో ఫ్లోమీటర్ 96 మీటర్లు చూపింది. 0.0707ను 96తో గుణిస్తే 6.8 ఘనమీటర్ల నీరు. నమూనాను 200 మిల్లీలీటర్లు చేసి, 2 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు తీస్తే 168 అకార్షియాలు వచ్చాయి. 168ని 200తో గుణించి 6తో భాగిస్తే జాడీలో 5,600. దాన్ని 6.8తో భాగిస్తే ఘనమీటరుకు సుమారు 820, పొరపాటు 15 శాతం. ఇక్కడ 823.53 అని రాయడం అబద్ధపు కచ్చితత్వం.

కలిపేటప్పుడు గుండ్రంగా తిప్పకండి, బరువైనవన్నీ ఒకచోట చేరతాయి. ఎనిమిది అంకె ఆకారంలో కదిపి, అవి దిగేలోపు తీయాలి. పిపెట్ మూతి 5 మిల్లీమీటర్లయినా ఉండాలి. 1 మిల్లీలీటరు పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ లెక్కింపు గది రోటిఫర్‌లకూ నాప్లియస్‌లకూ బాగుంటుంది. పెద్ద కోపెపాడ్‌లకు బోగొరోవ్ తొట్టి మేలు. జోయియాలు (పీతల పిల్లలు), బాణం పురుగులు, రొయ్యల్లాంటి మైసిడ్‌లు వంటి పెద్దవాటిని భాగం తీయకముందే మొత్తం జాడీలోంచి ఏరి లెక్కపెట్టండి.

ప్రశ్న: లవణీయత 5 నుంచి 8 మధ్య జాతులు అతి తక్కువ ఉంటాయని పుస్తకం చెబుతోంది. మాకు అక్కడే వల నిండా జీవులు పడ్డాయి. పుస్తకం తప్పా? (ఎం.ఎస్సీ. విద్యార్థి)

జాతులు వేరు, జీవులు వేరు. మంచినీటి జాతులు ఆ ఉప్పును ఓర్వలేవు, సముద్ర జాతులు ఆ పలచదనాన్ని ఓర్వలేవు. ఓర్చుకున్న కొద్ది జాతులకు పోటీ తక్కువ, మేత ఎక్కువ. పైగా ఉప్పు మొదలయ్యే ఆ ప్రాంతంలోనే బురద సుడి కట్టుకుని, జీవులను కూడా పోగు చేస్తుంది. రెండు జాతులతోనే వల నిండడం అక్కడ మామూలే.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు రెమానే 1934లో లవణీయతను బట్టి జాతుల సంఖ్య చూపే ఆ గీత గీసింది బాల్టిక్ సముద్రాన్ని చూసి, ముఖ్యంగా అడుగున బతికే జీవుల కోసం. బాల్టిక్‌లో ఆటుపోట్లు దాదాపు లేవు, లవణీయత ఏళ్ల తరబడి ఒకచోట నిలకడగా ఉంటుంది. మీ నదీముఖంలో అది గంటగంటకీ మారుతుంది, ప్లవకాలు నీటితో పాటే జరుగుతాయి. ఆ గీతను ఉన్నదున్నట్టు ఇక్కడ అతికించకూడదు.

ప్రశ్న: అడుగు నీటిలో ఆక్సిజన్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు పడిపోయింది. పైనుంచి కింది దాకా నిలువుగా లాగిన వలలో కోపెపాడ్‌లు మాత్రం బాగానే ఉన్నాయి. (పర్యావరణ కార్యాలయ ఉద్యోగి)

అవన్నీ పై పొరవి కావచ్చు, కొన్ని చచ్చినవీ కావచ్చు. నిలువు లాగుడు రెండు పొరలనూ కలిపేస్తుంది. మూసి తెరిచే వలతోగానీ పంపుతోగానీ పొరలను విడిగా తీయండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తగ్గిన నీటిని చాలా కోపెపాడ్‌లు వదిలి పైకి వచ్చేస్తాయి. అడుగు చీకటిలో దాక్కునే వీలు పోయి, పగలు చేపల కంటబడతాయి. అకార్షియా గుడ్లు మాత్రం తప్పించుకోలేవు. ఆ నీటిలోకి దిగినవి సరిగా పొదగకపోవచ్చు. పెద్దవి ఉండి నాప్లియస్‌లు లేని నమూనా కనబడితే ఈ దెబ్బే తగిలిందేమో చూడండి.

చావుబతుకులు తేల్చడానికి న్యూట్రల్ రెడ్ అనే రంగు ఉంది. మందు వేయకముందే, తాజా నమూనాకు లీటరుకు సుమారు 15 మిల్లీగ్రాముల లెక్కన కలిపి 15 నిమిషాలు ఉంచాలి. బతికున్నవి ఎర్రబడతాయి, చచ్చినవి పాలిపోయి ఉంటాయి. నిల్వ చేశాక రంగు వెలిసినట్టుంటే లెక్కకు ముందు కొద్దిగా ఆమ్లం వేస్తే మళ్లీ తేలుతుంది. అలాంటి నమూనాను గుల్లల లెక్కకు వాడకండి.

ప్రశ్న: నీటి నాణ్యత అంకెలన్నీ సరిగ్గానే ఉన్నా కోపెపాడ్‌లు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇంకేం చూడాలి? (అదే కార్యాలయం)

అడుగు చూడండి. శాన్ ఫ్రాన్సిస్కో నదీముఖంలో 1986లో ఆసియా నుంచి వచ్చిన పొటమోకార్బ్యులా అనే చిన్న ఆల్చిప్ప కనిపించింది. కొద్ది కాలంలోనే అది నేలంతా పరుచుకుని నీటిని వడకట్టింది. వేసవి వృక్ష ప్లవకాలు పడిపోయాయి, అక్కడ ఏలిన యూరిటెమోరా వేసవిలో దాదాపు కనబడకుండా పోయింది. ఆకలి ఒక్కటే కారణం కాదు, ఆల్చిప్ప నాప్లియస్‌లను కూడా పీల్చేసేది. తర్వాత ఆ ఖాళీలో ఆసియా నుంచే వచ్చిన కోపెపాడ్‌లు స్థిరపడ్డాయి. వాటిలో లిమ్నోయితోనా ఎంత సన్నదంటే పెద్ద కన్ను వలలో నిలవదు. పాత వలతోనే కొలిచేవారికి ‘ఏమీ లేదు’ అనిపిస్తుంది.

కాబట్టి మీ వరుసలో వల ఎప్పుడైనా మారిందా, కన్ను ఎంత అన్నది ముందు తేల్చండి. ఆ తర్వాత గ్రాబ్‌తో అడుగు మట్టి తీసి ఆల్చిప్పలు లెక్కపెట్టండి. జీఎఫ్/ఎఫ్ అనే గాజునార వడపోత కాగితంతో క్లోరోఫిల్ (వృక్ష ప్లవకాలు ఎంత ఉన్నాయో చెప్పే ఆకుపచ్చ రంగు) కొలిచి, పాత ఏళ్ల అంకెలతో అదే నెలలో, అదే లవణీయతలో పోల్చండి. ఎగువ నుంచి వచ్చే మంచినీటి ప్రవాహం రికార్డు కూడా తెప్పించండి. ప్రవాహం తగ్గితే ఉప్పు పైకి ఎక్కుతుంది, సమూహం మొత్తం ఎగువకు జరిగిపోతుంది. మీ స్టేషన్లు పాత చోటే ఉంటే దాన్ని తగ్గుదలగా లెక్కేస్తారు.

ప్రశ్న: లవణీయతకు చేతి రిఫ్రాక్టోమీటర్ చాలా? షానన్ సూచికకు (జాతుల వైవిధ్యాన్ని చెప్పే అంకె) ఏ లాగరిథమ్ వాడాలి? (ముగ్గురు అడిగారు)

రిఫ్రాక్టోమీటర్ ఒక యూనిట్ అటూ ఇటూ చెబుతుంది. 15, 25 దగ్గర పరవాలేదు, 0.5కీ 2కీ మధ్య తేడా తెలియాల్సిన చోట పనికిరాదు. అక్కడ కండక్టివిటీ మీటరు కావాలి. ఏది వాడినా పైన, అడుగున రెండుచోట్లా చదవండి.

లాగరిథమ్ ఏదైనా వాడండి, ఏది వాడారో రాయండి. ఆధారం 2తో వచ్చిన 2.9, సహజ లాగరిథమ్‌తో వచ్చిన 2.0 ఒకటే. ఒక నెల కోపెపోడైట్‌లను జాతులుగా విడదీసి, ఇంకో నెల ‘చిన్న కోపెపాడ్‌లు’ అని ఒకే గడిలో వేస్తే మాత్రం ఏ లాగరిథమూ కాపాడదు.